నేను వేలం వేసిన రొయ్యల షేర్లు

నా గొంతు పెద్దది. గొప్పకు చెప్పడం లేదు. నా పక్క క్లాసులో పాఠం చెప్పిన మాస్టార్లందరూ ఏదో ఒక రోజు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి మొత్తుకున్నవాళ్లే. తెనాలిలో ముప్పై ఏళ్ల పైన లెక్కలు చెప్పాను. నేను ఎక్కాలు చెప్పిస్తుంటే గేటు బయట సోడా బండాయనకు పదిహేనో ఎక్కం దాకా వచ్చేసిందని స్టాఫ్‌రూములో ఏడిపించేవారు. ఆ గొంతు చూసే మా చర్చిలో కోత పండుగ వేలం నాకు అప్పజెప్పారు. ఆ గొంతే చివరికి మా మేనత్త ఇంటి మీదికి తెచ్చింది.

మా లూథరన్ చర్చిల్లో కోత పండుగ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. పంట ఇంటికొచ్చాక తొలి ఫలం దేవుడికి తెచ్చి పెడతారు. పొలం పనికి వెళ్లేవాళ్లు చేటెడు ధాన్యం తెస్తారు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు అరటిగెల, ఒకరు కోడిపుంజు తెస్తారు. పొలం పుట్రా లేని మాలాంటి టీచర్లు, గుమాస్తాలు కేకులో, స్టీలు గిన్నెలో తెచ్చి ఆ కుప్పలో పెడతారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. ఆ వేలంలో వస్తువు ఖరీదు చూసి పాడేవాడు ఉండడు. సొమ్ము దేవుడికి పోతుంది కాబట్టి తక్కువకు పాడితే పదిమందిలో తలవంపు. బజారులో ఐదు రూపాయలుండే గుమ్మడికాయ మా దగ్గర ఎనభైకి పోయేది. పైగా, పాడుకున్నవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోనక్కర్లేదు. "మళ్లీ దేవుడికే" అని బల్ల మీద పెట్టేస్తే మళ్లీ పాట మొదలు. ఒక ఏడు ఒకే కోడిపుంజును తొమ్మిదిసార్లు అమ్మాను. ఆఖరికి దాన్ని నిజంగా ఇంటికి తీసుకెళ్లినాయన అది వారం రోజులు కూయలేదని నా మీదే విరుచుకుపడ్డాడు.

వేలంలో నాకొక పద్ధతి ఉండేది. వస్తువును ఎప్పుడూ పొగడను, తిడతాను. "ఈ పుంజు ముసలిది, పళ్లు కట్టించుకున్నవాళ్లు పాడకండి" అంటే జనం నవ్వుతారు. నవ్వినవాడి చెయ్యి జేబులోకి పోతుంది. ఎంత తిడితే పాట అంత పెరిగేది. చుట్టుపక్కల చర్చిలవాళ్లు కూడా కోత పండుగ వస్తే నన్ను పిలిపించుకునేవారు, బస్సు చార్జీలిచ్చి, భోజనం పెట్టి. నాకు కాస్త తలకెక్కిన మాట నిజమే.

తొంభైల మొదట్లో మా వైపు అందరికీ రొయ్యల పిచ్చి పట్టింది. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తుంటే వరిచేలు చెరువులైపోతున్నాయి. టీ కొట్టు దగ్గర, బస్సులో, చివరికి పెళ్లి పందిట్లో కూడా రొయ్య మాటే. అప్పుడు దిగాడు మా ఊళ్లోకి ఒక డైరెక్టరు. సఫారీ సూటు, బంగారు రంగు ఫ్రేము కళ్లజోడు, చేతిలో తోలు బ్యాగు. ఒక బట్టల షాపు మేడ మీద గది తీసుకుని బోర్డు పెట్టాడు. గోదావరి అవతల ఒక పాస్టరు గారి మనవణ్ణని చెప్పుకున్నాడు. ఏ పాస్టరని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాం.

ఆయన కంపెనీ సముద్రపు ఒడ్డున రొయ్యలు పెంచుతుందట. లాభంలో సగం షేర్లు కొన్నవాళ్లకు. మిగతా సగంతో అక్కడి పల్లెకార్ల కుటుంబాలకు వలలు, పడవలు, పిల్లలకు రాత్రి బడి. సేవకు సేవ, లాభానికి లాభం అనేవాడు. ఆ రెండూ ఒకే ఊపిరిలో అనడం వచ్చు ఆయనకు. మా జీవితమంతా ఒక చేత్తో కానుక వేసి, రెండో చేత్తో బస్సు చార్జీకి జేబు తడుముకున్నవాళ్లం. మంచిపని చేస్తే ఎదురు డబ్బు వస్తుందని అంతకు ముందు ఎవరూ మాకు చెప్పలేదు. వినడానికి ఎంతో హాయిగా ఉండేది.

ఈ షేర్లు బజారులో దొరికేవి కావనీ, ప్రైవేటువనీ, తెలిసినవాళ్లకు మాత్రమే ఇస్తామనీ చెప్పేవాడు. మరి వాటి ధర ఎలా తెలుస్తుందని నేనే అడిగాను. చివరగా ఎవరు ఎంతకు కొన్నారో అదేనండి ధర, అన్నాడు. లెక్కల మాస్టారిని, తల ఊపాను.

ఆ ఏటి కోత పండుగకు డైరెక్టరు ఒకే ఒక్క కాగితం తెచ్చి గుమ్మడికాయకూ కోడిపుంజుకూ మధ్య పెట్టాడు. ఆకుపచ్చ అంచు, నడుమ మీసాలు తిప్పిన రొయ్య బొమ్మ, దాని కింద పడవ. షేరు సర్టిఫికెట్టు. దాని మీద అచ్చు వేసిన విలువ వంద రూపాయలు. ఇది మా కంపెనీ తొలి ఫలం, వేలం వేసి సొమ్మంతా చర్చికే ఉంచుకోండి అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో, ఎంత మంచి మనసు" అని వినిపించింది.

నేను రెచ్చిపోయాను. దీన్ని వేపుకోలేరు, ఇగురు పెట్టుకోలేరు, ఇంట్లో పిల్లి కూడా మూతి పెట్టదు అని ఎత్తుకున్నాను. జనం విరగబడి నవ్వారు. వందతో మొదలైన పాటను నాలుగు వందల దగ్గర ఒక రైసుమిల్లు గుమాస్తా కొట్టేశాడు. చప్పట్లకు ఉబ్బిపోయి, "మళ్లీ దేవుడికే" అని బల్ల మీద పెట్టేశాడు. రెండోసారి ఆరు వందలు. అదీ తిరిగి బల్ల మీదికే వచ్చింది. నాలుగోసారి మందుల షాపాయన పదకొండు వందల యాభైకి పాడి, దాన్ని మడతపెట్టి బైబిల్లో దాచుకున్నాడు. ఆ డబ్బులో డైరెక్టరు ఒక్క పైసా ముట్టుకోలేదు. అక్కడే మేమందరం పడిపోయాం.

మర్నాడు ఆయన గదిలో నల్లబల్ల మీద రంగు చాక్‌పీసుతో రాసి ఉంది: తెనాలి రేటు పదకొండు వందల యాభై. కింద ఇంకో వరుస: మన సంఘస్థులకు మాత్రం ఐదు వందలు. మధ్యాహ్నానికి మేడ మెట్ల మీద నిలబడడానికి చోటు లేదు.

కోత పండుగలో ఎనభైకి పోయిన గుమ్మడికాయ మర్నాడు మార్కెట్లో ఐదు రూపాయలే అని మా ఊళ్లో పాలు తాగే పిల్లాడికి తెలుసు. ఆ చిన్న సంగతి షేరు దగ్గర ఒక్కడికీ తట్టలేదు. దేవుడికని ఎగబడి పాడింది మేమే, ఆ పాటను ధర అని నమ్మిందీ మేమే. నేను రెండు నెలల జీతం పెట్టాను. మా ఆవిడ అడ్డుపడితే, వంటింట్లో ఉండి నీకేం తెలుసన్నాను. ఆ మాటకు ఇప్పటికీ వారానికోసారి చెల్లిస్తున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. రేపల్లెలో మా మేనత్త ఉండేది. చిన్నవయసులోనే భర్త పోయాడు. మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. నా చదువుకు ఫీజు కట్టింది ఆవిడే, మార్కులు తగ్గితే వీపు చిట్లగొట్టిందీ ఆవిడే. ఒక రెండు గదుల పెంకుటింట్లో ఇరవై రెండేళ్లుగా అద్దెకుండేది. ఆ ఇల్లుగలాయన అమ్మకానికి పెట్టి, ఈవిడ మీద గౌరవం కొద్దీ మొదట ఈవిడకే చెప్పాడు. ఇరవై వేలు, ఈస్టరు దాకా గడువు. ఆ తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. మా అత్తయ్య దగ్గర రిటైరైనప్పుడు ఇచ్చిన డబ్బు సరిగ్గా ఇరవై వేలు ఉంది. ఇల్లు తన పేర రాయించుకుని, తన గోడకు తనే సున్నం వేయించుకుని, తన మంచం మీద పోవాలి. ఆవిడకున్న కోరిక అదొక్కటే.

నేను రేపల్లె వెళ్లి కాఫీ తాగుతూ తెలివితేటలు ఒలకబోశాను. "ఇరవై వేలు పెట్టి ఇల్లు కొంటే ఇల్లే ఉంటుంది అత్తయ్యా. షేర్లు కొంటే ఈస్టరుకి ఇల్లూ కొనొచ్చు, బాత్రూమూ కట్టించొచ్చు" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. బాత్రూము మాటకు కాస్త మెత్తబడింది, మోకాళ్ల నొప్పులతో దొడ్లోకి వెళ్లలేక అవస్థ పడుతోంది. "నాకు ఈ కాగితాల సంగతి తెలీదురా. నువ్వు లెక్కల మాస్టారివి, నువ్వు సరేనంటే సరే" అంది. నలభై షేర్లు కొనిపించాను. నా చేత్తో తీసుకెళ్లి కట్టాను.

జనవరిలో డైరెక్టరు మమ్మల్నందరినీ బస్సులో చెరువులు చూపించడానికి తీసుకెళ్లాడు. నిజంగానే చెరువు ఉంది. నిండా నీళ్లు, నీళ్లలో గిరగిరా తిరిగే చక్రం, గట్టు మీద ఆయిల్ ఇంజను. ఒడ్డున కంపెనీ పేరు రాసిన గుడ్డ కట్టిన పడవ. పల్లెకార్లు పిల్లలతో సహా వరుసగా నిలబడి మాకు దండాలు పెట్టారు. మా పాస్టరు గారు చెరువు మీద చెయ్యి చాచి ప్రార్థన చేశారు, నేను ఆయన కంటే గట్టిగా ఆమెన్ అన్నాను. తర్వాత రొయ్యల వేపుడు, బిర్యానీ. ఇంత బాగా సేవ చేసినట్టు నాకు అంతకు ముందెప్పుడూ అనిపించలేదు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

వచ్చేటప్పుడు రేపల్లెలో దిగి అత్తయ్యకు అంతా వర్ణించి చెప్పాను. ఆవిడ విని ఒక్కటే అడిగింది. రొయ్యలు పట్టుబడి ఎప్పుడు చేశారు, ఎవరికి అమ్మారు? కంపెనీ పెట్టి ఏడాది దాటింది, నాలుగైదు నెలలకు ఒక పంట అంటున్నారు, మరి తొలి ఫలం అని కాగితం తెచ్చి పెట్టాడేంటి, రొయ్యలే తట్టలో తేవచ్చు కదా అంది. నర్సు కదా, ముందు నాడి పట్టుకుంటుంది. వచ్చే శనివారం నన్ను తీసుకెళ్లరా, నేనూ చూస్తాను అంది.

శనివారం ఇద్దరం బస్సెక్కాం, దిగి రిక్షాలో వెళ్లాం. చెరువులో నీళ్లు లేవు. అడుగు బీటలు వారి ఉంది. చక్రం లేదు, ఇంజను లేదు. నేను చోటు తప్పాం అనుకుని అటూ ఇటూ పరుగులు పెడుతుంటే, చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ మా అత్తయ్యను చూసి "సిస్టరమ్మగారు" అంటూ లేచొచ్చింది. ఆవిడ ముగ్గురు పిల్లలకూ పురుడు పోసింది మా అత్తయ్యే. ఇంక ఆవిడ దాచేదేముంది, అంతా చెప్పేసింది.

చెరువు వేరే రైతుదట. రోగం వచ్చి రొయ్యలన్నీ చచ్చిపోతే వదిలేశాడట. ఆ ఒక్కరోజుకు డైరెక్టరు అద్దెకు తీసుకుని, తెల్లవారుజాము నుంచి నీళ్లు తోడించాడట. పడవ ఆవిడ మరిదిది. కంపెనీ పేరున్న గుడ్డ ఇప్పుడు వాళ్ల మేకల పాక మీద కప్పి ఉంది, నేనే చూశాను. వరుసలో నిలబడ్డందుకు మనిషికొక బన్ను ఇచ్చాడట. వలలూ లేవు, బడీ లేదు. మేము లొట్టలేసుకుంటూ తిన్న రొయ్యలు కూడా ఆవిడే అమ్మిందట.

ఆవిడ నా వైపు తిరిగి, "అందులో నాలుగు కిలోల డబ్బులు ఇంకా ఇవ్వలేదండి. మీరు ఆయన మనుషులే గదా, ఇచ్చేసి వెళ్లండి బాబూ" అంది. జేబులో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాను. ఆ కంపెనీ పల్లెకార్లకు చేసిన మేలు ఏదైనా ఉంటే ఆ నాలుగు కిలోల డబ్బే, అదీ నా జేబులోంచి.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రేపల్లె దగ్గర పడ్డాక, "బాత్రూము సంగతి ఇంక మర్చిపో" అంది.

మర్నాడు సాయంత్రం డైరెక్టరు గదికి వెళ్లి నా గొంతు మొత్తం వాడాను. కింద బట్టల షాపులో బేరాలు ఆగిపోయాయని తర్వాత చెప్పారు. ఆయన నన్ను అరవనిచ్చాడు. గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాడు. కంపెనీ షేర్లు వెనక్కి తీసుకోవడం ఈ ఏడు కుదరదండి, అన్నాడు. కానీ వచ్చే ఆదివారం బాపట్లలో కోత పండుగ ఉంది, వేలానికి మీరే వస్తున్నారు. మీ అత్తయ్యగారి నలభై షేర్లూ ఒకే కట్టగా బల్ల మీద పెట్టించే పూచీ నాది. వచ్చిన దాంట్లో దశమ భాగం చర్చికి, మిగతాది ఆవిడకి. తెనాలి రేటు ప్రకారం నలభై ఆరు వేలు. సగానికి పోయినా మీకు నష్టం లేదు. మీ గొంతు ముందు ఏ సరుకు ఆగుతుందండీ, అన్నాడు. వెధవ, అప్పుడు కూడా నన్ను మునగచెట్టు ఎక్కించాడు. నేను ఎక్కాను కూడా.

ఆ వారం నాకు నిద్ర లేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే షేర్లు చిత్తుకాగితాలే, అత్తయ్య ఇల్లు పోయినట్టే. అమ్మితే ఇల్లు దక్కుతుంది, బాపట్లలో ఇంకెవరి కొంపో మునుగుతుంది. చివరికి ఒక దారి దొరికింది. వేలం వేస్తూనే ఉన్న నిజమంతా చెప్పేస్తాను. అన్నీ విని కూడా కొంటే వాళ్ల ఖర్మ, నా మనస్సాక్షికి మరక లేదు. ఇది మహా గొప్ప ఉపాయం అనుకున్నాను. అత్తయ్యకు ఈ సంగతి చెబితే అవునూ అనలేదు, కాదూ అనలేదు. షేర్ల కట్ట నా చేతిలో పెట్టి, తనూ బాపట్ల వస్తానంది.

బాపట్ల చర్చి నిండిపోయింది. వ్యవసాయ కాలేజీలో పనిచేసేవాళ్లు, టీచర్లు, చేపల వ్యాపారం చేసేవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు. అత్తయ్య ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో కూర్చుంది. డైరెక్టరు తలుపు దగ్గర, అక్కడి పాస్టరు గారి పక్కన. కోళ్లూ గెలలూ అయ్యాక ఆకుపచ్చ అంచు కట్ట చేతికి తీసుకున్నాను. పదివేలతో మొదలుపెట్టాను.

ఈ కంపెనీకి చెరువు లేదండీ అన్నాను. అందరూ నవ్వారు. పన్నెండు వేలు అన్నారెవరో. అద్దెకు తెచ్చిన చెరువు, అందులో నీళ్లు కూడా అద్దెవే అన్నాను. గోల గోలగా నవ్వు, పద్నాలుగు వేలు. పడవ ఎవరిదో, కంపెనీ పేరున్న గుడ్డ మేకల పాక మీద ఉంది అన్నాను. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్నాడు నవ్వలేక. పదహారు. తెనాలి మాస్టారు గురించి విన్నాం గానీ ఇంత సరదా మనిషి అనుకోలేదని ఎవరో అనడం వినిపించింది.

"నవ్వకండి, నేను నిజం చెబుతున్నాను" అన్నాను.

ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. పద్దెనిమిది వేలు. నా జన్మలో అన్ని నిజాలు ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదు, ఎప్పుడూ అంత పాటా రాలేదు. అందరినీ నవ్వించడం నేర్పింది నేనే, ఇప్పుడు ఏడ్చి చెప్పినా నవ్వుతారు. నోరు మూసుకుని దిగిపోవచ్చు కదా అని మీరు అనొచ్చు. అనండి. ఇంకో నాలుగు వేలు వస్తే ఇల్లు అని ఒక పక్క లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ లేచి, "ఇరవై రెండు వేలండి" అంది. పక్కన ముగ్గురు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నారు. దశమ భాగం తీసేసినా ఇల్లు దాదాపు వచ్చేసినట్టే, తక్కువ పడిన రెండు వందలు నేను వేసుకుంటాను. నా నోటికి ఇంక తిట్లు రాలేదు. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. అత్తయ్య వైపు చూడలేదు, చూసే ధైర్యం లేదు.

"ఆగు" అంది అత్తయ్య.

బెంచీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. నన్ను చూడలేదు, ఆ పాడినావిడ వైపు తిరిగింది. "ఆ డబ్బు ఎక్కడిదమ్మా?" అని అడిగింది. హాస్టల్లో వంట చేసి రిటైరయ్యానండి, సగం నాది, సగం వీళ్ల ముగ్గురిదీ అని చెప్పిందావిడ.

"దేనికి దాచుకున్నావు?"

"మా నలుగురికీ ఎవరూ లేరండి. ఒక ఇల్లు చూసుకుని కలిసుందామని."

నాకు అత్తయ్య చెయ్యి బెంచీ మీద బిగుసుకోవడం కనిపిస్తోంది. "మావాడు చెప్పేవి జోకులు కాదమ్మా. ఆ కాగితాలు నావి. చెరువు నేనూ చూసొచ్చాను, చుక్క నీళ్లు లేవు. నా ఇంటి డబ్బు అందులోనే పోయింది. నువ్వు కొనొద్దు" అంది.

అరిచి చెప్పలేదు. రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడే గొంతుతోనే చెప్పింది. నేను అరగంట గొంతు చించుకుంటే నమ్మనివాళ్లు ఆ నాలుగు మాటలకు చప్పున నమ్మేశారు. హాస్టలు వంటావిడ కూలబడిపోయి ఏడవడం మొదలుపెట్టింది, ఆ ముగ్గురూ ఆవిడను పట్టుకున్నారు. అత్తయ్య కూర్చుంది. ఇరవై వేలూ పోయాయి, ఆవిడే వదులుకుంది. బల్ల దగ్గర ఆ కట్ట పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

అందరూ తేరుకుని తలుపు వైపు చూసేసరికి డైరెక్టరు లేడు. మద్రాసు వైపు బండెక్కాడని కొందరు, బెజవాడ వైపని కొందరు. బయట చెప్పుల కుప్పలో తన పాత చెప్పులు వదిలేసి పాస్టరు గారి కొత్త చెప్పులు వేసుకుపోయాడు. పాస్టరు గారు పోలీసు కాగితంలో అది కూడా రాయించారు. నిజానికి మా ఫిర్యాదు మొత్తంలో రుజువు చేయగలిగింది ఆ చెప్పులొక్కటే.

ఎస్సై గారు ఓపిగ్గా అంతా విన్నాడు. ఆ వేలం డబ్బు డైరెక్టరు తీసుకున్నాడా అన్నాడు. లేదండి, చర్చికిచ్చాడు. మరి రేటు పదకొండు వందల యాభై అని ఎవరు తేల్చారు? మేమేనండి. పాడించింది ఎవరు? నేనేనండి. ఆయన పెన్ను కింద పెట్టి, ఆ డైరెక్టరు దొరికితే సరే, లేకపోతే ఈ కేసులో దొరికింది మీరొక్కరే మాస్టారూ అన్నాడు. డైరెక్టరు దొరకలేదు.

రెండో ఏటి నుంచి వేలం మానేశాను. నా తర్వాత వచ్చిన కుర్రాడు ప్రతి కోడినీ పొగుడుతాడు, అవి బజారు ధరకే పోతున్నాయి. చర్చికి నష్టమే. ఆ నష్టానికి నాకేమీ బాధ లేదు.

రేపల్లె ఇల్లు ఒక ఎరువుల వ్యాపారి కొన్నాడు, గోడౌనుకని. ఈస్టరు ముందు వారం అత్తయ్య ఒక ట్రంకు పెట్టె, ఒక మంచం, ఒక రోలు వేసుకుని లారీలో తెనాలి వచ్చేసింది. ముందుగది ఇచ్చాం. వచ్చిన పూటే మా ఆవిడ చేసిన పప్పులో ఉప్పు ఎక్కువైందంది. ఆ తర్వాత ఆవిడ వంక పెట్టని వస్తువు మా ఇంట్లో లేదు. కిటికీ తప్పు దిక్కున ఉంది, బావి దగ్గర నాచు పట్టింది, నేను గడ్డం సరిగ్గా గీసుకోను. మా ఆవిడా ఆవిడా రోజుకు రెండుసార్లు పోట్లాడుకుని ఒకే మంచం మీద కూర్చుని కూర తరిగేవారు. అన్నీ అనేది. ఆ ఇరవై వేల మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అది భరించలేక ఒకరోజు నేనే అడిగేశాను. "అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నన్ను తిట్టెయ్."

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "తిడితే నీకు తేలికవుద్దిరా. నాకేంటి?"

పద్నాలుగేళ్లు మాతో ఉంది. మా గోడలకు దగ్గరుండి సున్నం వేయించింది. పెరట్లో బెండ, వంగ పెట్టింది. వీధి తలుపు గొళ్లెం వదులైతే వడ్రంగిని పిలిపించి తన పెన్షను డబ్బుతో మార్పించింది. మేము లేనప్పుడు ఎవరైనా వస్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "వాళ్లు బయటికెళ్లారండి, వాళ్లిల్లే, వచ్చేదాకా కూర్చోండి" అనేది. నేను తిరిగొస్తూ గుమ్మం చాటు నుంచి ఎన్నోసార్లు విన్నాను, ఈసారైనా మాట మారుతుందేమోనని. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా, పొరపాటున కూడా, మా ఇల్లు అనలేదు.